అడుగులు ఉన్నాయి, పట్టిక లేదు

సంక్రాంతి నుంచి ఉగాది దాకా గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పేపర్లు తిరగేస్తే లోపలి పేజీల్లో ఒకే మూసలో రాసిన వార్త పదేపదే కనబడుతుంది. ఫలానా ఊళ్ళో తిరునాళ్ళ సందర్భంగా అంతర్రాష్ట్ర స్థాయి ఒంగోలు జాతి ఎడ్ల బలప్రదర్శన పోటీలు జరిగాయి. ఆరు పళ్ళ విభాగంలో ఫలానా గ్రామం వారి జత నిర్ణీత సమయంలో ఇన్ని వేల ఇన్ని వందల అడుగుల ఇన్ని అంగుళాలు బండ లాగి ప్రథమ బహుమతి గెలుచుకుంది. ఆ కింద రెండో జత, మూడో జత అంటూ వరస, చివర్న బహుమతి దాతల పేర్లు. రెండు రోజులాగితే ఇంకో ఊరు, ఇంకో జత, ఇంకో అడుగుల లెక్క. ప్రతి ఏడూ ఇన్ని ఫలితాలు అచ్చవుతున్నా ఒక్క చిన్న ప్రశ్నకు వీటిలో జవాబు దొరకదు. ఈ ఏడాది మొత్తం మీద గెలిచిన జత ఏది?

దాచేపల్లి ఈ ప్రశ్న వేయడానికి తగిన ఊరు. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ మీదుగా వచ్చే దారిలో వాడపల్లి దాటి, కృష్ణ మీద వంతెన ఎక్కి, పొందుగుల దగ్గర దిగితే అది దాచేపల్లి మండలమే. ఊరి పక్కన నాగులేరు, చుట్టూ పత్తి, మిరప చేలు, భూమి అడుగున సున్నపురాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లా ఊరు. 2014 జూన్ 2కు ముందు నల్లగొండ వైపు నుంచి ఒక రైతు తన జతను వంతెన దాటించి తెస్తే అది పొరుగు జిల్లా జత. ఆ తేదీ తర్వాత అదే రైతు, అవే ఎడ్లు, అదే వంతెన, కానీ పోటీ అంతర్రాష్ట్రం అయిపోయింది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నుంచి ఒక్క జత వచ్చినా కరపత్రం మీద ఆ మాట వేసుకోవచ్చు. రాష్ట్రం తరఫున ఎంపిక చేసిన జట్టు అంటూ ఎక్కడా ఉండదు. ఎవరి లారీ వాళ్ళది, ఎవరి జత వాళ్ళది.

పేరు సంగతి అలా ఉంచి, పోటీ నడిచే తీరు చూస్తే ఇందులో ఉన్న క్రమశిక్షణ కొత్తవాళ్ళను ఆశ్చర్యపరుస్తుంది. విభాగాలు పళ్ళను బట్టి ఉంటాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన న్యూ కేటగిరీ, సబ్ జూనియర్స్, జూనియర్స్, సీనియర్స్. గొడ్డుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్ళు రాలి శాశ్వత పళ్ళు జతలు జతలుగా, నడిమి నుంచి చివరలకు వస్తాయి. రెండు పళ్ళు వేసిందంటే రెండేళ్ళు దాటినట్టు, ఎనిమిదీ వేసిందంటే ఇంచుమించు అయిదేళ్ళకు వచ్చినట్టు. పుట్టిన తేదీ కాగితాలు లేని లోకంలో ఇంతకన్నా నికరమైన రుజువు లేదు. బరిలోకి పోయేముందు ఒకరు ముకుతాడు పట్టుకుంటారు. పళ్ళు చూడడంలో అనుభవం ఉన్న పెద్దమనిషి గిత్త మూతి కింద చెయ్యి పెట్టి, బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగి, టార్చి వేసి చూస్తాడు. పక్కనున్న పోటీదార్లూ మెడలు చాచి చూస్తారు. కొత్త పన్ను చిగురు తెల్లగా మొలిచి కనిపిస్తే వాదన మొదలవుతుంది. మొలిచినదాన్ని పన్ను కింద లెక్కపెట్టాలా, పూర్తిగా లేచాకే లెక్కపెట్టాలా అని. ఆ చిగురు మీదే విభాగం, బండ బరువు, సమయం అన్నీ ఆధారపడి ఉంటాయి మరి.

విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. పెద్ద విభాగాల్లో అది టన్ను దాటుతుంది. సమయం చిన్న విభాగాలకు తక్కువ, సీనియర్స్‌కు 20 నిమిషాల దాకా. చక్రాలుండవు, కింద జారుడు పట్టాలుండవు. చెక్కిన బండకు గొలుసు, గొలుసుకు కాడి, కాడి కింద రెండు మెడలు. బరి ఈ చివర నుంచి ఆ చివరకు లాగి, గీత దాటాక జతను వెనక్కి తిప్పి, మళ్ళీ ఇటు లాగాలి. సమయం అయిందని ఈల వేసేటప్పటికి బండ ఎక్కడుందో అక్కడిదాకా టేపు పెట్టి కొలుస్తారు. పూర్తయిన రౌండ్లకు ఆ మిగులు కలిపితే ఫలితం. ఒకే యజమాని దగ్గర రెండు సమ ఉజ్జీలు దొరకనప్పుడు ఇద్దరు చెరొక గిత్త తెచ్చి కాడి కట్టి కంబైన్డ్ జతగా దింపుతారు. వార్తలో అప్పుడు రెండు ఊళ్ళ పేర్లు పక్కపక్కన వస్తాయి.

ఈ అంగుళాల దగ్గరే అసలు చిక్కు ఉంది. ఫలితం అంగుళం దాకా కొలుస్తారు గానీ ఆ ఫలితానికి కారణమైన మిగతావేవీ ఊరికీ ఊరికీ కలవవు. ముందు బరి పొడవు తీసుకుందాం. 300 అడుగుల బరిలో 3,000 అడుగులు లాగాలంటే పది విడతలు, మధ్యలో తొమ్మిది మలుపులు. 250 అడుగుల బరిలో అదే దూరానికి పన్నెండు విడతలు, పదకొండు మలుపులు. ప్రతి మలుపులోనూ బండ ఆగుతుంది. ఆగిన బండను కదిలించడానికి పట్టే బలం, కదులుతున్నదాన్ని లాగడానికి పట్టే బలం కన్నా ఎక్కువ. గొలుసు సర్ది, జత రెండు తలకాయలూ ఒక్క వరసకు వచ్చి, గిట్టలు నేలకు పట్టేదాకా గడియారం ఆగదు. రెండు మలుపులు ఎక్కువైతే పోయేది సెకన్లే కావచ్చు. కానీ మొదటి బహుమతికీ రెండో బహుమతికీ మధ్య ఉండే తేడా చాలాసార్లు ఆ సెకన్లలో లాగగలిగినంత దూరమే.

తర్వాత నేల. పల్నాటి నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే జిగురు. ఒంగోలు వైపు కొన్ని ఊళ్ళలో ఇసుక కలిసిన నేల ఉంటుంది. పొద్దున మొదటి జత లాగినప్పుడు గరుగ్గా ఉన్న బరి, మధ్యాహ్నం పదో జత వచ్చేసరికి బండ ఒరిపిడికి నునుపెక్కుతుంది, లేదా గాడి పడుతుంది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లితే ఇంకో రకం. అందుకే జతల వరస చీటీలు తీసి నిర్ణయిస్తారు. దానివల్ల ఒక ఊళ్ళో ఆ ఒక్కరోజు న్యాయం జరుగుతుంది. ఈ ఊరి ఫలితాన్ని పక్క ఊరి ఫలితంతో పోల్చడానికి మాత్రం అది అక్కరకు రాదు. నిర్వాహకులు ఎవరికివారే. ఆలయ కమిటీ, యువజన సంఘం, ఒక నాయకుడి పేరున అభిమానులు, లేదా ఊరి పెద్దలు. బండ ఆ ఊరిది, టేపు ఆ ఊరిది, నిబంధనల కాగితం కూడా ఆ ఊరిదే.

పోటీ ఫలితం మీద తగువు పల్నాటికి కొత్త కాదు. దాచేపల్లికి దగ్గర్లోనే గురజాల ఉంది, కారంపూడి ఉంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ కథ మొత్తం ఒక పందెం ఫలితం చుట్టూ తిరుగుతుంది. గురజాల పక్షాన నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు, నడుమ కోడిపోరు. ఓడిన మాచర్లవారు రాజ్యం వదిలి ఏడేళ్ళు పరదేశం పోవాలన్నది షరతు. ఆ ఫలితం న్యాయంగా వచ్చిందా, మోసంతో వచ్చిందా అన్న వాదం తరాల తరబడి వీరగాథ పాడినవాళ్ళ నోట సాగుతూనే వచ్చింది. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో ఆ కోడిపోరును ఇప్పటికీ నడిపిస్తారు.

కొలత కలిసినంత మాత్రాన పోటీ బతుకుతుందా అంటే, లోకంలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉన్న ఉదాహరణ ఒకటి ఐర్లాండ్‌లో ఉంది. అక్కడి హర్లింగ్ చివర వెడల్పుగా ఉండే కర్రతో, చిన్న బంతితో, పక్షానికి పదిహేనుమంది ఆడే చాలా పాత ఆట. లెయిన్‌స్టర్, మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ అనే నాలుగు ప్రాంతాల జట్ల మధ్య 1927లో ఒక పోటీ మొదలైంది. గ్రేట్ సదరన్ రైల్వే సంస్థ కప్పు ఇచ్చింది కాబట్టి దాన్ని రైల్వే కప్పు అన్నారు. చాలాకాలం సెయింట్ ప్యాట్రిక్ పండగ రోజున డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో ఫైనల్ ఆడేవారు, జనం పోటెత్తేవారు. ఏ ఏడు ఎవరు గెలిచారో, ఎన్ని గోల్స్, ఎన్ని పాయింట్లో అంతా పట్టికలో ఉంది. మన్‌స్టర్‌కే ఎక్కువ విజయాలు, ఆ తర్వాత లెయిన్‌స్టర్‌కు. హర్లింగ్‌లో అల్‌స్టర్ ఒక్కసారీ గెలవలేదు. ఇంత లెక్క ఉన్నా టెలివిజన్ కాలంలో జనం రావడం మానేశారు. తేదీలు మార్చారు, ఊళ్ళు మార్చారు, విదేశాల్లో ఆడించి చూశారు, కొన్నేళ్ళు అసలు జరపలేదు. వాళ్ళ అభిమానం కౌంటీ జట్ల మీద, క్లబ్బుల మీద. ప్రాంతం పేరున కట్టిన జట్టు కోసం ఎవరూ గొంతు చించుకోలేదు.

మన దగ్గర వరస తిరగబడింది. జనం ఉన్నారు, పట్టిక లేదు. అర్ధరాత్రి ఫ్లడ్‌లైట్ల కింద కూడా బరికి రెండు వైపులా తాళ్ళు కట్టి ఆపాల్సినంత మంది వస్తారు. రావడానికి కారణం కూడా ఐర్లాండ్ కౌంటీల కారణం లాంటిదే. జత ఊరిది. మైకులో జత పేరు కన్నా ముందు ఊరి పేరు వినపడుతుంది. రాష్ట్రం పేరు కరపత్రం మీద తప్ప బరిలో ఎవరి నోటా రాదు. ఈ పోటీకి ఒక పద్ధతి తేవాలనుకునేవాళ్ళు ముందు గమనించాల్సింది ఇదే. రాష్ట్ర జట్లు కట్టి ఆంధ్ర ఒకవైపు, తెలంగాణ ఒకవైపు నిలబెడితే రైల్వే కప్పు దారే పడుతుంది. ఊరిని ఊరిగా ఉంచి, కొలతను మాత్రం ఒకటి చేయాలి.

అలా చేయడం సాధ్యమేనా? పక్క రాష్ట్రంలో కొంత దూరం వెళ్ళారు. దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాల్లో బురద మళ్ళలో దున్నలను పరుగెత్తించే కంబళకు విభాగాలున్నాయి, పోటీల వరసకు ముందే తేదీలున్నాయి, గీత దగ్గర లేజర్ కిరణంతో సమయం లెక్కించే ఏర్పాటు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఐకళ కంబళలో శ్రీనివాస గౌడ 142.5 మీటర్లను 13.62 సెకన్లలో దాటాడని తేలడంతో దేశం మొత్తం ఉలిక్కిపడింది. దాన్ని 100 మీటర్లకు కుదించి 9.55 సెకన్లు అన్నారు, ఉసేన్ బోల్ట్ 9.58తో పోల్చారు, కేంద్ర క్రీడామంత్రి శిక్షణ కేంద్రానికి రమ్మని కబురు పెట్టారు. కొద్ది రోజులకే మరో కంబళలో ఇంకొకరు ఇంకా తక్కువ సమయంలో పరుగెత్తారన్న వార్త వచ్చింది. ముందు దున్నలు లాగుతుంటే పరుగెత్తే మనిషిని, ఒంటరిగా పరుగెత్తే మనిషితో పోల్చడమే తప్పు. మళ్ళ పొడవు కూడా ఊరూరికీ వేరు. గడియారం ఎంత సూక్ష్మమైనదైనా, కొలిచే దారి ఒక్కటి కానప్పుడు వచ్చే చిక్కు అక్కడా తప్పలేదు. అయినా వాళ్ళ దగ్గర ఒక సీజన్ ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చూడగలిగే వీలుంది. ఇక్కడ అదీ లేదు.

పద్ధతి లేకపోవడం వల్ల పోటీకి చట్టం ముందు కూడా బలం లేకుండా పోయింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కొట్టడాన్ని, మోయలేని భారం వేయడాన్ని, శక్తికి మించి తోలడాన్ని నేరంగా చెబుతుంది. 2011 జూలైలో కేంద్ర ప్రభుత్వం, ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పరుగు పందేలను నిషేధించింది. 2016 జనవరిలో కేంద్రం మినహాయింపు ఇస్తూ జారీ చేసిన ఉత్తర్వులో తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక, పంజాబ్, హరియాణా, కేరళ, గుజరాత్ పేర్లున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల పేర్లు లేవు. ఆ ఉత్తర్వును కోర్టు ఆపేశాక 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ మేరకు చట్టాన్ని సవరించుకున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అప్పుడు ఆ దారి పట్టలేదు. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ మూడు రాష్ట్రాల సవరణలను సమర్థించింది. కోర్టు ముందు నిలబడినవి రాసి పెట్టుకున్న నిబంధనలు. అనుమతి ఎవరిస్తారు, పశువైద్యుడు ఎప్పుడు పరీక్షిస్తాడు, బరి ఎలా ఉండాలి, ఏం చేస్తే వేటు పడుతుంది అన్నవి కాగితం మీద ఉన్నాయి.

బండలాగుడుకు హింస ఆరోపణ ఊరికే రాలేదు. ములుగర్ర నిషేధం, చెర్నాకోల దెబ్బలకు పరిమితి అని నిర్వాహకులు మైకులో చెబుతారు. చివరి రెండు నిమిషాల్లో, బహుమతి ఇరవై అడుగుల దూరంలో ఊరిస్తున్నప్పుడు, తోక మెలేసేవాళ్ళూ ఉంటారు, చూసీ చూడనట్టు పోయే రిఫరీలూ ఉంటారు. దెబ్బ కన్నా ఎండ తక్కువదేం కాదు. బండి లాగే పశువుల విషయంలో 1965 నాటి కేంద్ర నిబంధనలు 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదని చెబుతున్నాయి. ఉగాది నాటికి పల్నాటి మధ్యాహ్నం ఆ గీత దాటుతుంది. పాలపళ్ళ విభాగం సంగతి మరీ ఆలోచించాల్సింది. ఎముక ముదరని కోడెను బండకు కట్టడం ఆ ఏడాది బహుమతి తేవచ్చు, దాని కీళ్ళ ఆయుష్షు మాత్రం తగ్గిస్తుంది. సంప్రదాయాన్ని సమర్థించేవాళ్ళూ, నిషేధించాలనేవాళ్ళూ ఇద్దరూ ఈ విభాగం గురించి గట్టిగా మాట్లాడరు.

సమర్థించేవాళ్ళ ప్రధాన వాదం జాతి రక్షణ. రేగడిలో లోతు దుక్కి దున్నడానికి, పత్తి బండ్లు లాగడానికి పుట్టిన గొడ్డుకు ట్రాక్టర్ వచ్చాక పని పోయింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో దేశవాళీ గొడ్ల సంఖ్య అంతకు ముందు గణనతో పోలిస్తే 6 శాతం తగ్గింది. పోటీ లేకపోతే ఒంగోలు గిత్తను ఎవరు మేపుతారు అని అడుగుతారు. అందులో నిజముంది. ఉలవలు, పత్తిగింజల చెక్క, కందిపొట్టు, రోజూ నడక, తోముడు, కాపలాకు మనిషి, ఇంత ఖర్చు పెట్టి సాకుతున్న జతల్లో చాలావాటికి నాగలి అలవాటే లేదు. కొనాలంటే ధర లక్షల్లో పలుకుతుంది. కౌలు రైతు వల్ల అయ్యే పని కాదది. అంటే పోటీ జాతిని కొంత కాపాడుతోంది గానీ, కాపాడే చేతులు పెద్ద కమతాల వాళ్ళవి, వ్యాపారులవి, గుత్తేదార్లవి అయ్యాయి.

జాతి రక్షణ అన్నప్పుడు బ్రెజిల్ మాట రాక తప్పదు. 19వ శతాబ్దంలోనే మన తీరం నుంచి ఓడలెక్కిన ఈ గొడ్లను అక్కడ నెల్లోర్ అంటారు. 1960ల మొదట్లో మళ్ళీ కొన్ని ఆంబోతులు వెళ్ళాయి. వాటిలో కరవది అనే ఆంబోతు అక్కడి మందలకు మూలపురుషుల్లో ఒకటి. ఒంగోలు పక్కనున్న ఊరి పేరది. 2023లో వియాటినా-19 అనే నెల్లోర్ ఆవు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఉబెరాబా పట్టణంలోని జెబూ పెంపకందార్ల సంఘం ప్రతి దూడకూ తండ్రి ఎవరో, తల్లి ఎవరో, ఏ వయసుకు ఎంత బరువో రాసుకుంటూ వచ్చింది. గొప్ప గిత్తలు ఇక్కడ కూడా పుట్టాయి. కరవది తరవాతి తరాల లెక్క పోర్చుగీసు భాషలో ఉంది. నిరుడు పల్నాడులో మొదటి బహుమతి కొట్టిన జత ఏ ఆంబోతు సంతానమో చెప్పే కాగితం తెలుగులో లేదు. ఎద్దుకు విత్తు కొట్టించాక వంశం దానితో సరి. అందువల్ల దాని తండ్రి పేరు, అన్నదమ్ముల పేర్లు తెలిస్తేనే ఆ అడుగులు పెంపకానికి పనికొచ్చే సమాచారం అవుతాయి. లేకపోతే ఆ ఊరి ఆ రోజు ముచ్చటగా మిగిలిపోతాయి.

2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు ఒంగోలు గిత్తనే క్రీడల చిహ్నంగా పెట్టుకున్నారు. ఆ క్రీడల పతకాల పట్టికలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో నిలిచింది. ఆ పతకాల లెక్క ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు. హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది 1937-38లో, మళ్ళీ 1986-87లో అని కుర్రాళ్ళు కూడా క్షణంలో చెప్పగలరు. పదేళ్ళ కిందట దాచేపల్లి చుట్టుపక్కల తిరునాళ్ళలో సీనియర్స్ బహుమతి ఎవరిదో చెప్పాలంటే ఆ యజమాని ఇంట్లో గోడకున్న ఫోటోనో, షీల్డునో వెతకాలి.

ఈమధ్య ఎవరూ అనుకోకుండా ఒక దస్త్రం తయారవుతోంది. యూట్యూబ్ ఛానళ్ళ కుర్రాళ్ళు దాదాపు ప్రతి పెద్ద పోటీనీ మొదటి నుంచి చివరిదాకా ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. డ్రోన్ పై నుంచి తీస్తుంది, తెర మూలన గడియారం నడుస్తుంది, రౌండు రౌండుకూ వ్యాఖ్యాత అడుగులు చదువుతాడు. దెబ్బ పడితే అదీ రికార్డవుతుంది, మలుపులో ఎన్ని సెకన్లు పోయాయో అదీ లెక్కపెట్టుకోవచ్చు. వీటిని ఒకచోట చేర్చి కూర్చుంటే రెండు మూడు సీజన్ల ఫలితాలకు ఓపికున్న డిగ్రీ విద్యార్థి కూడా పట్టిక కట్టగలడు. కానీ బండ బరువు, బరి పొడవు వీడియోలో ఖచ్చితంగా కనిపించవు. అవి నిర్వాహకులు చెప్పాల్సినవి.

పెద్ద సంఘం, పెద్ద కప్పు వచ్చేదాకా ఆగాల్సిన పనేమీ లేదు. ఫలితాల కాగితంలో ఇప్పుడున్న యజమాని పేరు, ఊరు, అడుగులు, అంగుళాల పక్కన మరో అయిదు గడులు గీస్తే చాలు: వేబ్రిడ్జి చీటీ ప్రకారం బండ బరువు, బరి పొడవు, నేల తీరు, లాగిన వేళ, గిత్తల తండ్రి ఆంబోతు. బరువు విషయంలో సాకు చెప్పడానికి వీల్లేదు, పత్తి లారీల కోసం, సున్నపురాయి లారీల కోసం దాచేపల్లి, పిడుగురాళ్ళ దారిలో వేబ్రిడ్జిలకు కొదవ లేదు. గుంటూరు పక్కన లాంలో ఒంగోలు జాతి మీద పనిచేసే పశు పరిశోధనా కేంద్రం ఉంది. నాగులుప్పలపాడు మండలం చదలవాడలో ప్రభుత్వ పశుక్షేత్రం ఉంది. ఆ కాగితాల నకలు ఒకటి అక్కడికి చేరితే చదివి అర్థం చెప్పగలిగేవాళ్ళు ఆ రెండు చోట్లా ఉన్నారు. ఒక్క సీనియర్స్ విభాగానికైనా మూడు జిల్లాల్లోనూ ఒకే బరువు బండ, ఒకే పొడవు బరి అని నిర్వాహకులు సంక్రాంతికి ముందే మాట అనుకుంటే, ఉగాది నాటికి మొదటి పట్టిక చేతికొస్తుంది. పాలపళ్ళ విభాగం ఉంచాలా తీసేయాలా అన్న తగువు కూడా అప్పుడు ఆ గిత్తలు ఆరు పళ్ళ వయసుకు ఎన్ని బరిలో మిగిలాయో చూసి తేల్చుకోవచ్చు.